అద్దం ఆపేసిన ఎండ

కిందటేడాది అక్టోబరులో మా ఇంట్లో ఇద్దరికి డి విటమిన్ తక్కువైందని తేలింది. ఒకణ్ణి నేను, నలభై నాలుగేళ్ళవాణ్ణి. రెండోది మినుము, వయసు నాలుగు నెలలు. నా సంగతి రక్తపరీక్షలో బయటపడింది. మినుము సంగతి డాక్టరమ్మ బొటనవేలితో దాని డిప్ప అంచుని మెల్లగా నొక్కితే బయటపడింది. నొక్కినచోట డిప్ప కాస్త లోపలికి దిగి, వేలు తియ్యగానే మళ్ళీ పైకి లేచింది. ఆరీ ఆరని వడియంలా ఉంది.

“పిల్ల తాబేలు డిప్ప కొంత మెత్తగానే ఉంటుంది. ఇంత మెత్తగా మాత్రం ఉండకూడదు” అందావిడ. తర్వాత, తొట్టె మీద ఏ దీపం పెట్టారని అడిగింది. నేను మా హాల్లో కిటికీ గురించి చెప్పడం మొదలుపెట్టాను.

తప్పు కిటికీది కాదు, నా పొదుపుది. జులైలో మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలంది. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. పిల్లి అంటే నాకు తుమ్ములు. బేరాలు సాగి సాగి తాబేలు దగ్గర తెగాయి. మేముండే ఇంగ్లండులో పదహారేళ్ళు నిండని పిల్లలకి జంతువుల్ని అమ్మకూడదు, 2006 నాటి జంతు సంక్షేమ చట్టంలోనే ఉంది ఆ మాట. కాబట్టి ముచ్చట దానిది, సంతకం నాది. కొట్టతను రెండు పిల్ల తాబేళ్ళు చూపించి, వాటితోపాటు కొనాల్సినవాటి జాబితా చేతిలో పెట్టాడు: తొట్టె, ఫిల్టరు, నీళ్ళు వేడెక్కించే కడ్డీ, థర్మామీటరు, ఎక్కి కూచోడానికి రాయి, ఆ రాయిమీద పడేలా వేడి బల్బు, దాని పక్కన అతినీలలోహిత కిరణాలిచ్చే ట్యూబు. చంటిపిల్లకన్నా ఉయ్యాల ఖరీదెక్కువ అన్నట్టుంది వ్యవహారం. నేను అన్నీ ఒప్పుకుని, ఆ చివరి ట్యూబు దగ్గర ఆగాను. మా హాలు కిటికీ దక్షిణం వైపు, గోడంత ఉంటుంది. జులై కదా, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. ఎండ ఊరికే వస్తుంటే ట్యూబుకి డబ్బు తగలెయ్యడమెందుకు? అతను అద్దం గురించి ఏదో చెప్పబోయాడు. నేను శ్రీకాకుళం వాణ్ణి. నాకు ఎండ గురించి ఒకడు చెప్పేదేమిటి?

మా అమ్మాయికి నిజానికి కావలసింది చెవుల దగ్గర ఎర్ర చార ఉన్న ఆకుపచ్చ తాబేలు. హైదరాబాదు అక్వేరియం కొట్లలో రంగు బిళ్ళల్లా ఈదుతూ కనిపించేవి అవే. ఇక్కడ వాటిని అమ్మడానికి వీల్లేదు. దాని వెనక ఒక బొమ్మల కథ ఉంది. 1984లో అమెరికాలో పుట్టిన నింజా తాబేళ్ళ కామిక్కు, తర్వాత టీవీకెక్కి ఇంగ్లండు చేరింది. నింజా అన్న మాట పిల్లలకి మరీ రౌడీతనంగా ఉంటుందని ఇక్కడివాళ్ళు దాన్ని తీసేసి హీరో తాబేళ్ళని పేరు మార్చారు. పేరు మార్చారు గానీ పిల్లల సరదా మార్చలేకపోయారు. ఇంటింటా ఎర్రచెవి తాబేలు వెలిసింది. రూపాయి బిళ్ళంత ఉన్నది కాస్తా నాలుగైదేళ్ళలో అన్నం తినే పళ్ళెమంత అయింది. అప్పుడు దాన్ని బుట్టలో పెట్టుకుని, చీకటి పడ్డాక, పార్కు చెరువులోనో కాలవలోనో వదిలేశారు. వాటి దిగుమతిని యూరప్ 1997లో ఆపింది. 2016లో అమ్మకాన్నీ పెంపకాన్నీ కట్టడి చేసింది. 2019లో బ్రిటన్ తన సొంత ఉత్తర్వుతో దాన్ని గట్టిపరిచింది. బర్మింగ్‌హామ్‌కి వెనిస్ కన్నా ఎక్కువ కాలవలున్నాయని ఈ ఊరివాళ్ళు గొప్ప చెప్పుకుంటారు. తాబేలు వదిలేయాలనుకున్నవాడికి ఇంతకన్నా వీలైన ఊరు ఉండదు.

మేం తెచ్చుకున్నవి వేరే జాతి. ఇంగ్లీషులో మస్క్ టర్టిల్, అంటే కస్తూరి తాబేలు. ఆ కస్తూరి సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. భయపడితే డిప్ప అంచు కింది గ్రంథుల్లోంచి ఒక వాసన వదుల్తుంది. అమెరికాలో దానికి ముద్దుపేరు స్టింక్‌పాట్, కంపుకుండ. పెద్దదయినా అరచేతిని మించదు, ఆ ఒక్క కారణానికి కంపుని క్షమించాం. మా రెండూ అప్పటికి అంగుళం పొడుగు, నల్లగా, బొడిపెలు బొడిపెలుగా ఉన్నాయి. ముక్కు మొన నుంచి కంటి పైనా కిందా రెండు లేతరంగు గీతలు.

వీడియోలో చూపించగానే మా అమ్మ, “ఏట్రా ఇది, నామాలెట్టుకుని పుట్టింది!” అని దణ్ణం పెట్టింది. మినుము, ఉలవ అని పేర్లు పెట్టింది కూడా ఆవిడే. గింజంత ఉన్నవాటికి కొండంత పేర్లెందుకంది. పక్కింటి తమిళావిడ మాత్రం చూసి కాస్త మొహం మార్చింది. తాబేలు చొరబడిన ఇల్లు బాగుపడదని వాళ్ళకో సామెత ఉందట. మా ఆవిడ కంగారు చూసి, “అది తనంతట తాను నడుచుకుంటూ వస్తేనే. కొనుక్కొస్తే లెక్కలోకి రాదు” అని ఆవిడే దోషపరిహారం చేసేసింది.

ట్యూబు కొనలేదని అమ్మతో అన్నప్పుడు ఆవిడ నా పక్షమే. “మన నూతిలో తాబేలుకి దీపమెవుడు ఎట్టాడ్రా?” అంది. మా ఊళ్ళో మా నూతిలో తాబేలుండేది, నిజమే. పురుగూ పుట్రా తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని నూతిలో తాబేలుని వెయ్యడం మా వైపు మామూలు. చేద దించితే బుడుంగుమని మునిగేది. ఎవరూ దాన్ని పెంచలేదు, దానికి పేరూ లేదు. అది ఏం తిన్నదో, చలికాలం ఏం చేసిందో ఎవరూ పట్టించుకోలేదు. నా చదువయ్యేదాకా ఉంది. ఈ లెక్కన తాబేలంత సులువైన ప్రాణి లేదని నేను అనుకోవడంలో వింతేముంది? నేను మర్చిపోయిందల్లా ఒకటే. మిట్టమధ్యాహ్నం ఎండ నూతి అడుగుదాకా దిగినప్పుడు అది ఒరలో ఊడిన రాయి మీదికెక్కి, మెడా నాలుగు కాళ్ళూ సాచి, వెనక్కాళ్ళ వేళ్ళు విప్పి, అలా పడి ఉండేది. ఆ గంటన్నర దాని భోజనంలో సగమని నాకేం తెలుసు? ఆ నూతికి పైన అద్దం లేదు.

అద్దం వెలుతురుని రానిస్తుంది, వేడిని రానిస్తుంది. అతినీలలోహితంలో చర్మానికి పనికొచ్చే బి రకం కిరణాల్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ కిరణాలు తాకితేనే చర్మంలో డి3 తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. అది లేనప్పుడు ఒళ్ళు ఎముకల్లోంచి అప్పు తీసుకోవడం మొదలుపెడుతుంది. తాబేలు ఇంటిని మోసుకు తిరుగుతుందని మనం పిల్లలకి చెప్తాం గానీ, డిప్ప ఇల్లు కాదు, ఎముక. వెన్నూ పక్కటెముకలూ కలిసి పరుచుకున్నదే అది. అందుకే అప్పు ముందు అక్కడే బయటపడుతుంది. అంచులు మెత్తబడతాయి, పైకి వంకర తిరుగుతాయి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మా మినుము రాయి మీదికి ఎక్కడం మానేసి వారమైంది. బద్ధకం అనుకున్నాం.

డాక్టరమ్మ ఇదంతా చెప్తుంటే నా జేబులో ఫోను మోగింది. మా క్లినిక్కు నుంచి. నా రక్తంలో డి విటమిన్ చాలా తక్కువగా ఉంది, మాత్రలు రాశామని. ఆఫీసులో నా బల్ల కూడా కిటికీ పక్కనే. ఎనిమిదేళ్ళుగా అక్కడ కూచుని ఎండ కాచుకుంటున్నాననే అనుకున్నాను.

*

మేం ఉండేది బర్మింగ్‌హామ్ అంచున, గ్రేట్ బార్‌లో. నెలకోసారి టివిడేల్‌లో బాలాజీ గుడికి వెళ్తాం. తిరుమల గుడి నమూనాలో కట్టి 2006లో కుంభాభిషేకం చేసిన గుడి అది. దారిలో ఎం5 రోడ్డు ఒకచోట స్తంభాల మీదికెక్కి, కాలవ పైనుంచి పోతుంది. అక్కడ పక్కకి చూస్తే, ఎర్ర ఇటుకల పాతబడ్డ కార్ఖానా ఒకటి, కిటికీలు బోడిగా, కప్పు మీద మొక్కలు మొలిచి కనిపిస్తుంది. ఎన్నోసార్లు చూసి వదిలేసిన కట్టడమే. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాక వచ్చిన ఆదివారం మాత్రం దాని గురించి చదువుకుని మరీ చూశాను. అది స్మెథిక్‌లోని ఛాన్స్ బ్రదర్స్ గాజు కార్ఖానా. 1824లో మొదలైంది. 1851 లండన్ ప్రదర్శన కోసం కట్టిన క్రిస్టల్ పాలెస్‌కి అద్దాలు పోసింది ఇక్కడే. ప్రపంచంలో ఎన్నో లైట్‌హౌసుల దీపాలకి కటకాలు ఇక్కణ్ణుంచే వెళ్ళాయి. 1981లో మూతపడింది. నన్ను పట్టుకున్నది ఇవేవీ కావు. 1920లలో ఈ కార్ఖానాలో వీటా గ్లాస్ అని ఒక కొత్త రకం అద్దం తయారుచేశారు. మామూలు అద్దం ఆపేసే కిరణాల్ని రానిచ్చే అద్దం! లండన్ జూలో పాములూ తాబేళ్ళూ ఉండే ఇంటికి 1927లో ఆ అద్దమే వేశారు.

అంటే నేను జులైలో కొట్టతనికి బోధించిన భౌతికశాస్త్రం తప్పని మా ఇంటికి నాలుగైదు మైళ్ళ దూరంలోనే వందేళ్ళ కిందట ఒక కార్ఖానా పెట్టుబడి పెట్టి మరీ రుజువు చేసింది. 

వాళ్ళకా అవసరం తాబేళ్ళ వల్ల రాలేదు, పిల్లల వల్ల వచ్చింది. ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. బొగ్గూ, కొలిమీ, ఆకాశానికి మసి మూత. పొగ కమ్మిన ఊళ్ళలో, ఇరుకు సందుల్లో పెరిగిన పిల్లలకి కాళ్ళు విల్లులా వంగిపోయేవి. రికెట్స్. యూరప్‌లో మిగతా దేశాలవాళ్ళు దాన్ని ఇంగ్లీషు జబ్బు అనేవాళ్ళు. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు, ఆ జబ్బు పిల్లల్ని పాదరసపు దీపం ముందు కూచోబెట్టి నయం చేసి చూపించాడు. మా తొట్టె మీద నేను ఆలస్యంగా తగిలించిన ట్యూబు ఆ దీపానికి మునిమనవరాలు.

పొగ పోయింది గానీ జబ్బు పూర్తిగా పోలేదు. ఈసారి దాని బారిన పడింది మా బోటి వాళ్ళు. గోధుమ రంగు, నలుపు రంగు చర్మానికి అదే మోతాదు డి విటమిన్ తయారుచెయ్యడానికి ఎండ ఎక్కువ కావాలి. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున దక్షిణాసియా, ఆఫ్రికా మూలాల కుటుంబాల పిల్లల్లో ఈ లోపం మళ్ళీ కనిపిస్తుంటే, 2005 ప్రాంతంలో ఇక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు గర్భిణులకీ, ఐదేళ్ళలోపు పిల్లలకీ ఆదాయం చూడకుండా అందరికీ ఉచితంగా విటమిన్ చుక్కలిచ్చారు. కొన్నేళ్ళలో జబ్బు ముదిరి ఆసుపత్రికొచ్చే పిల్లలు సగానికి పైగా తగ్గారు. మా అమ్మాయికి చంటితనంలో హెల్త్ విజిటరు ఆ చుక్కల సీసా ఇస్తే మా అమ్మ ఫోన్లో నవ్వింది. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, పొద్దుటెండలో ఓ పావుగంట ఉంచితే చాలదా అంది. చాలు. శ్రీకాకుళంలో చాలు.

అక్కడ ఎండంటే తప్పించుకోవలసింది. గొడుగు, తలపాగా, చింతచెట్టు నీడ, మజ్జిగ. ఎండలో తిరగొద్దని తిట్లు తింటూ పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఎండ కోసం డబ్బు కట్టవలసి వస్తుందని, అది కూడా తాబేలు పేరు మీద, ఎవరనుకుంటారు?

మా జిల్లాకి రెండు గుళ్ళు పేరు. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి, శ్రీకూర్మంలో కూర్మనాథుడు. ఒకచోట ఎండ దేవుడు, ఇంకోచోట తాబేలు దేవుడు. రెండింటి మధ్య బస్సులో అరగంట. అరసవల్లి వెళ్ళినవాళ్ళు శ్రీకూర్మం చూడకుండా రారు. చిన్నప్పుడు శ్రీకూర్మంలో నాకు ఇష్టమైంది మూలవిరాట్టు కాదు, రెండు ధ్వజస్తంభాలూ కాదు. గుడి ఆవరణలో తిరిగే నక్షత్ర తాబేళ్ళు. డిప్ప మీద పసుప్పచ్చ చుక్కల ముగ్గులు. ఆకుకూర కాడ చూపిస్తే మెడ సాచి, ముసలాళ్ళలా నిదానంగా నమిలేవి. ఒకటి ఇంటికి తెచ్చుకుందామని ఏడిస్తే నాన్న, “అది దేవుడిది, పైగా పోలీసులు పట్టుకుంటారు” అన్నారు. మొదటి మాట నమ్మకం. రెండోదీ నిజమే. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం నేరం. అలా నలభై ఏళ్ళు ఆగిన ముచ్చట నా కూతురి పేరున తీరింది.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, పొద్దుటి సూర్యకిరణాలు తిన్నగా లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడతాయి. మార్చి 9 నుంచి 11, అక్టోబరు 1 నుంచి 3. మబ్బు లేకపోతేనే. ఆ తెల్లవారుజామున వరసలో నిలబడి, నాన్న భుజమ్మీంచి చూసిన గుర్తు నాకుంది. ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణే అడగాలని మా అమ్మ అక్కడ నేర్పింది. మాత్రల సీసాతో పాటు క్లినిక్కు వాళ్ళిచ్చిన కాగితం చదువుతుంటే ఈ తారీఖులు గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. ఈ దేశంలో అక్టోబరు నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఎండలో నిలబడినా ఒంట్లో సరిపడా డి విటమిన్ తయారు కాదు, కాబట్టి రోజుకి 10 మైక్రోగ్రాములు వేసుకోండి, చర్మం రంగు ముదురైతే ఏడాది పొడుగునా ఆలోచించండి అని ఉంది అందులో. అక్టోబరు మొదట్లో స్వామి పాదాల్ని తాకి వెళ్ళిన కిరణాలు మార్చిలో తిరిగొస్తాయి. ఆ మధ్య ఐదు నెలలూ బర్మింగ్‌హామ్‌కి ఉత్త వెలుతురే. భూమి వంపు లెక్క అది, మహత్తేమీ కాదని నాకు తెలుసు. శ్రీకాకుళం భూమధ్యరేఖకి పద్దెనిమిది డిగ్రీల పైన, మేం యాభై రెండున్నర డిగ్రీల పైన. అయినా ఆ కాగితాన్ని మడిచి దేవుడి గూట్లో పెట్టాను. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు.

*

అక్కణ్ణుంచి నా పొద్దు మారింది. పొద్దున ఏడింటికి టైమరు టక్కుమనగానే బల్బూ ట్యూబూ వెలుగుతాయి, సాయంత్రం ఏడింటికి ఆరతాయి. బల్బు కింద రాయి 32 డిగ్రీలు, నీళ్ళు 25. తొట్టెలో ఒక మూల వేసవి, ఒక మూల చలువ పందిరి. చల్లనెత్తురు ప్రాణికి ఒంట్లో పొయ్యి ఉండదు, ఏ మూల కావాలో అదే నడిచి వెళ్ళి తేల్చుకుంటుంది, మనం రెండూ ఉంచాలి. ట్యూబు రాయికి జానెడు పైన, మధ్యలో అద్దం గానీ ప్లాస్టిక్ మూత గానీ లేకుండా. దానితో వచ్చిన చిక్కేమిటంటే, కంటికి కనపడే వెలుగు రెండేళ్ళయినా ఇస్తుంది, కనపడని ఆ కిరణాలు ఆర్నెల్లకో ఏడాదికో ఎండిపోతాయి. వెలుగుతున్న దీపాన్ని ఆరిపోయిందని నమ్మి పారెయ్యాలి. మా ఇంట్లో చిరుగు పట్టని చొక్కా పారేసిన చరిత్ర లేదు. అందుకని మా అమ్మాయి ట్యూబు చివర మార్కరుతో తారీఖు రాసింది. ఆ తారీఖు చూసి మారుస్తాం, కన్ను చెప్పే మాట వినం.

తిండి దగ్గర ఇంకో గొడవ. దాని తలకాయంత మేత రోజుకి చాలన్నారు. కానీ తెలుగిల్లు కదా, మనకి ప్రేమంటే ఇంకో ముద్ద. స్కూలుకి వెళ్తూ మా అమ్మాయి ఒకసారి, పాపం తిన్నాయో లేదోనని మా ఆవిడ ఒకసారి, రాత్రి నిద్రపట్టక నేనొకసారి. పైగా మనిషి కనపడితే చాలు, రెండూ అద్దానికి ముక్కు ఆనించి పదిరోజులుగా పస్తున్నట్టు చేతులాడిస్తాయి. మిగిలింది అడుగున కుళ్ళి నీళ్ళు చెడ్డాయి. ఇప్పుడు ఫ్రిజ్జు మీద కాగితముంది, పెట్టినవాళ్ళు గీత గియ్యాలి. ఎండు రొయ్యలంటే పడిచస్తాయి గానీ అవి మనకి చేగోడీల్లాంటివి, వారానికోసారి. రోజూ గింజల మేత, మధ్యమధ్య వానపాము ముక్క. ఒక మూల సముద్రపు నురుగు. మా అమ్మమ్మ చెవిపోటుకి అరగదీసే ఆ తెల్లటి బిళ్ళని ఇక్కడ పక్షుల కొట్లో అమ్ముతారు. సముద్ర జీవి ఒంట్లోని గుల్ల అది, దాదాపు అంతా కాల్షియమే. ఉలవ దాన్ని మొదటి నుంచీ కొరికేది. మినుముని దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకటి గట్టిపడి, ఇంకొకటి మెత్తబడ్డానికి అదీ ఒక కారణమేమో అంది డాక్టరమ్మ. తొట్టె మధ్యలో అడ్డం పెట్టించాం. ఆస్తి పంపకాలు ఇంత చిన్నప్పుడే అయిన అన్నదమ్ములు వీళ్ళే. అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇంకా తెలీదు. చాలా తాబేళ్ళలో ఆడా మగా తేల్చేది గుడ్డు పొదిగినప్పటి వేడి.

నీళ్ళ లోతు దగ్గరా తప్పే చేశాం మొదట్లో. తాబేలు కదా అని అంచుదాకా నింపాం. ఈ జాతి పిల్లలు ఈతగాళ్ళు కావు, అడుగున నడిచేవి. మెడ సాచితే గాలి అందాలి, లేకపోతే ఎక్కడానికి కొమ్మలుండాలి. అలిసిపోతే నీటి ప్రాణి నీళ్ళలోనే మునిగి చస్తుంది. నాలుగు అంగుళాలకి తగ్గించాం. కుళాయి నీళ్ళలో క్లోరిన్ విరిచే మందు కలుపుతాం. కొత్త ఫిల్టరు సంగతి మా ఆవిడకి ఒక్క మాటలో అర్థమైంది. మురికిని అరిగించే సూక్ష్మజీవులు అందులో కుదురుకోడానికి వారాలు పడుతుందట. తెలిసినవాళ్ళింటి చేపల తొట్టెలోంచి పాత స్పాంజి ముక్క తెచ్చి పడేస్తే తొందరగా అవుతుందట. “తోడు పెట్టడమేగా” అంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, తోడు చచ్చిపోతుంది.

ఇక మడి. మా అమ్మ పాతికేళ్ళు ప్రయత్నించి మా ఇంట్లో నిలపలేనిదాన్ని ఈ రెండు గింజలూ నిలబెట్టాయి. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది. వాటికేం కాదు, మనకి విరేచనాలు, జ్వరం, పసిపిల్లలకైతే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు బుల్లి తాబేళ్ళని నోట్లో పెట్టుకుంటున్నారని అమెరికా 1975లోనే నాలుగంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని ఆపేసింది. మా ఇంట్లో తాబేళ్ళ బకెట్టు వేరు, మగ్గు వేరు, తువ్వాలు వేరు. వంటింటి సింకు దరిదాపులకి రానివ్వం. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగిందాకా దేన్నీ తాకకూడదు. మా అమ్మాయి స్నేహితులొస్తే అదే బోధిస్తుంది, అచ్చం వాళ్ళ నానమ్మ గొంతుతో. ముద్దులు పెట్టడం నిషేధం.

మూడు వారాలు కాల్షియం మందు నోట్లో చుక్క వేశాం. నాలుగో వారం మినుము రాయెక్కింది. ఎక్కి, వెనక్కాళ్ళు సాచి, వేళ్ళు విప్పింది. నూతి తాబేలు విప్పినట్టే. నేను ఆఫీసుకి ఆలస్యమయ్యాను.

తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందనీ, దూరం నుంచి తలుచుకుంటూ ఉంటే చాలు, ఆ తలపుకే పిల్లలు పెరుగుతాయనీ మన పెద్దలు చెప్తారు. పక్షి తాకి సాకుతుంది, చేప చూసి సాకుతుంది, తాబేలు తలచి సాకుతుంది. గురువు శిష్యుణ్ణి కాపాడే తీరుకి ఈ పోలిక వాడతారు. మా అమ్మ కూడా ఈ మాట తరచు అంటుంది, తాబేళ్ళ గురించి కాదు. ఆవిడ అక్కడ, నేను ఇక్కడ, పదమూడేళ్ళుగా. నాకు మాత్రం ఇప్పుడు ఆ పోలిక మీద సగమే నమ్మకం. తల్లి తాబేలు తలుచుకుందో లేదో గానీ, తవ్వేముందు గట్టు మీద ఎండ పడే చోటు చూసుకుంటుంది. మట్టి వెచ్చదనం చూసుకుంటుంది. ఆ పని చేశాకే వెళ్తుంది. అమ్మ కూడా నన్ను విమానమెక్కించే ముందు పెట్లో రెండు కిలోల ఆవకాయ కుక్కింది, మఫ్లరు అల్లింది. ఎండ కుక్కడం మాత్రం ఆవిడ చేతిలో లేదు.

ఈ జాతి ముప్ఫై ఏళ్ళు దాటి బతుకుతుంది. అప్పటికి మా అమ్మాయికి నలభై. నా సంగతి నేను లెక్కెయ్యలేదు. పద్దెనిమిదో ఏట అది చదువుకి ఏ ఊరో పోతే, ఈ తొట్టె ఎవరిదన్న చర్చ ఇప్పటికే ఒకసారి వచ్చి, అందరూ నా వైపు చూశారు.

మార్చి 9న అమ్మ అరసవల్లి వెళ్ళింది. ఆ రోజు మబ్బు. ఇక్కడ మాకూ మబ్బే, కానీ ఇక్కడది వార్త కాదు. జూన్‌లో ఒక శనివారం, నిజమైన ఎండ కాసింది. గిన్నెలు తోమే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి (తాబేళ్ళదే, వంటింటిది కాదు) పెరట్లో పెట్టి, బెత్తెడు నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, సగం మీద నీడకి పాత చెక్క వేసి, పైన పక్షులు ఎత్తుకుపోకుండా వల కప్పాం. ఉలవ గభాలున నీళ్ళలోకి దూకింది. మినుము ఇటుక మీద తల లోపలికి లాక్కుని చాలాసేపు కూచుంది. దానికి ఆకాశం కొత్త. డిప్ప నొక్కి చూశాను, గోరు దిగలేదు. మెల్లగా ముక్కు వచ్చింది, నామాలు వచ్చాయి, తర్వాత పొడుగ్గా మెడంతా వచ్చింది.

మా అమ్మాయి ఫోను పట్టుకుని నానమ్మకి చూపిస్తోంది. అవతల అమ్మ కళ్ళజోడు సవరించుకుంటోంది, ఫోను దగ్గరికీ దూరానికీ జరుపుతోంది.

“ఏటీ అవుపడట్లేదే తల్లీ” అంది. “అంతా ఎండే.”